నాలుగు కాళ్ళకు ఒంటి మేజోడు

కాలికి తొడుక్కొనే ఉద్దేశం ఎంతమాత్రమూ లేకుండా కాలి ఆకారంలోనే కుట్టి, పండుగ ముందటి రాత్రి గోడకు వేలాడదీసి, తెల్లవారేసరికి కానుకలతో నిండుతుందని ఎదురుచూసే గుడ్డసంచిని క్రిస్మస్ మేజోడు అంటారు. ఈ నిర్వచనంలోని మొదటి చిక్కు వ్యాకరణానికి సంబంధించినది. తెలుగులో మేజోళ్ళు ఎప్పుడూ జతగానే వినిపిస్తాయి, ఒంటి మేజోడు అనగానే ఏ ఇంట్లోనైనా గుర్తుకు వచ్చేది బడివేళ మించిపోతుండగా మంచం కింద సాగే వెతుకులాట. ఆ ఒంటి మేజోడును కుక్కకో పిల్లికో కుట్టవలసి వచ్చినప్పుడు లెక్క మరింత బిగుసుకుంటుంది. నాలుగు కాళ్ళ జీవికి న్యాయంగా రెండు జతలు కావాలి గదా, ఒక్కటే కుట్టించుకుంటే మిగిలిన మూడు కాళ్ళు చేసిన పాపమేమిటని ఖమ్మంలో ఏ దర్జీ అడిగినా, ఆ ప్రశ్నకు శాస్త్రసమ్మతమైన జవాబు ఇంతవరకు లేదు.

ఈ ఆచారపు మూలకథ ప్రకారం, నాలుగో శతాబ్దిలో, నేటి తుర్కియేలోని మైరా నగరానికి బిషప్పుగా ఉన్న నికొలస్, కట్నం ఇచ్చుకోలేని ఒక పేద తండ్రి ముగ్గురు కూతుళ్ళ కోసం రాత్రివేళ గుట్టుగా బంగారం విసరగా, అది ఆరవేసిన మేజోళ్ళలో పడింది. కథలో కట్నం ఉంది గనుక తెలుగువారికి దీనిపై వ్యాఖ్యానం అక్కరలేదు. వ్యాఖ్యానం కావలసినది పొగగొట్టానికి. చలిదేశాల ఇళ్ళలో వెచ్చదనం కోసం మండించే పొయ్యి నుండి కప్పు మీదికి లేచే ఇటుకల గొట్టం పక్కన మేజోళ్ళను వేలాడదీసే దృశ్యాన్ని, 1823 డిసెంబరు 23న అమెరికాలోని ట్రాయ్ పట్టణపు పత్రికలో అచ్చయిన ఒక గేయం లోకప్రసిద్ధం చేసింది. మే నెలలో ఎండకు గోడలే పొయ్యిలయ్యే భద్రాచలం, కొత్తగూడెం ప్రాంతంలో ఇంటిని వేడి చేసుకోవడానికి పైసా ఖర్చు పెట్టేవారు లేరు గనుక, ఆ గొట్టం గుండా వచ్చి మేజోళ్ళు నింపుతాడనే క్రిస్మస్ తాత దిగి రావలసిన దారి ఇక్కడ మొదటినుండీ మూసుకొనే ఉంది. ఆయన పెంకుటింటి మీద నడిచి చూస్తే, ఆ సంగతి ఇంటివారికి వచ్చే వానాకాలంలో తెలుస్తుంది.

అయితే ఈ పండుగలో జంతువుల వాటా మేజోళ్ళకన్నా పాతది. 1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామంలో, అస్సీసీ ఫ్రాన్సిస్ గడ్డి పరిచిన తొట్టి పక్కన ప్రాణమున్న ఎద్దును, గాడిదను నిలబెట్టి క్రీస్తు జననాన్ని స్మరించాడు. నేడు డిసెంబరు వచ్చేసరికి చర్చిల ముందు వరిగడ్డితో వేసే పశువుల పాక ఆ సంప్రదాయానికి వారసురాలే. ఆ పాకలోని మట్టి ఎద్దుకు రంగు దీపాలు, భక్తుల చూపులు దక్కుతాయి. అదే పాక కప్పు మీది గడ్డిని రుచి చూడడానికి వచ్చిన నిజమైన ఎద్దుకు దక్కేది కర్ర. పెంపుడు జంతువులకు మేజోడు కుట్టాలన్న ఆలోచనను ఈ అన్యాయానికి ఆలస్యంగా వచ్చిన ప్రాయశ్చిత్తంగా పరిగణించవచ్చు.

భద్రాచలం అడవి అంచున పండుగకూ సన్నని చేతిపనికీ బంధుత్వం ఏనాడో కుదిరింది. 1860ల ప్రాంతంలో, గోదావరిపై పడవల రాకపోకలకు వీలు కల్పించే పనుల మీద వచ్చిన హేగ్ అనే ఇంజనీరు పూనికతో, భద్రాచలానికి ఎగువన ఉన్న దుమ్ముగూడెంలో కోయల మధ్య క్రైస్తవ మిషన్ వెలిసింది. తరువాతి కాలంలో అక్కడ పనిచేసిన జాన్ కెయిన్ కోయల ఆచారాలను గురించి వ్యాసాలు రాశాడు. మిషన్ నీడలో స్త్రీలు నేర్చుకున్న లేసు అల్లిక ఆ ఊరికి పేరు తెచ్చింది. లేసు అనగా దారాన్ని మెలికలు తిప్పుతూ, మధ్య మధ్య వదిలిన ఖాళీలే అందంగా కనిపించేటట్లు అల్లే పని. బట్టకు రంధ్రం పడితే ధర తగ్గుతుందన్న లోకన్యాయం ఇక్కడ తలకిందులై, రంధ్రాలు పెరిగినకొద్దీ ధర పెరుగుతుంది. ఈ సూక్ష్మం పిల్లికి తెలియదు. మేజోడు మూతికి లేసు కుడితే, దాని రంధ్రాల సంఖ్యను ఒక్క రాత్రిలో పెంచగల నేర్పు మాత్రం దాని గోళ్ళకు ఉంది. పరదేశపు పండుగ ఈ నేలకు తగిన రూపం తొడుక్కోవడం కూడా ఇక్కడ కొత్త కాదు. 1912లో భారతీయులలో తొలి ఆంగ్లికన్ బిషప్పుగా అభిషిక్తుడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, ఖమ్మానికి పొరుగునున్న డోర్నకల్లులో కట్టించిన కెథడ్రల్‌లో గుడి స్తంభాలకూ మసీదు గుమ్మటాలకూ చోటిచ్చాడు. గుమ్మటాలే ఇంత సర్దుకోగలిగినప్పుడు మేజోడు సర్దుకోకపోవడానికి కారణం కనిపించదు.

కాని ఒక చోట రెండు నాగరికతలు ముఖాముఖి తలపడతాయి. తెలుగు ఇంట్లో తిండి వస్తువును వేలాడదీసే ప్రాచీన సాధనం ఉట్టి. అంటే దూలం నుండి తాళ్ళతో అల్లి దించిన గూడు, అందులో పాలకుండ, పెరుగు కుండ ఉంటాయి. ఉట్టి పరమార్థం పిల్లికి అందకుండా ఉండడం. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికి ఎక్కుతుందా అని సామెత పుట్టించిన ఈ జాతి, వేలాడే వస్తువు నీది కాదని తరతరాలుగా పిల్లికి, కుక్కకు నేర్పుతూ వచ్చింది. మేజోడు ఆ పాఠాన్ని తిరగరాసి, వేలాడుతున్నది నీదేనని, అయితే తెల్లవారేదాకా ఆగాలని చెబుతుంది. ఇన్నాళ్ళ చదువును ఒక్క రాత్రిలో మరిచి, మరుక్షణమే ఓపికను కొత్తగా నేర్చుకొమ్మని అడగడం విద్యార్థికి కష్టమే.

కుట్టడానికి ముందు అర్హులెవరో తేల్చుకోవాలి. కుక్క, పిల్లి విషయంలో వివాదం లేదు. మేక మేజోడులోని కానుకతోపాటు మేజోడును కూడా తింటుంది గనుక దానికి ఏటా కొత్తది కావాలి. కోడికి పండుగ ఉదయం మేజోడులో కానుక పెట్టి, మధ్యాహ్నం దాన్నే కూర వండడంలో నైతికమైన ఇబ్బంది ఉంది. రామచిలుకను పెంచుకోవడమే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చట్టానికి భయపడనివారు స్థలపురాణానికైనా భయపడాలి. నేలకొండపల్లిలో పుట్టి, భద్రాద్రి రాముడికి గుడి కట్టించి రామదాసుగా పేరొందిన కంచర్ల గోపన్న గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్ళు మగ్గడానికి కారణం, పూర్వజన్మలో చిలుకను పంజరంలో బంధించడమేనని ఐతిహ్యం. చిలుకకు మేజోడు కుట్టదలచినవారు ముందుగా పంజరం తలుపు తీయాలి, ఆపైన మేజోడు అవసరం ఉండదు.

గుడ్డ ఎంపికలో స్థానికాభిమానం హద్దు మీరకూడదు. ఖమ్మం మిర్చి మార్కెట్టులో తేజ రకం మిరపకాయలు మోసిన గోనెసంచి చవక, గట్టి; కాని దానితో కుట్టిన మేజోడు వాసన చూసిన కుక్క సంక్రాంతి దాకా తుమ్ముతూనే ఉంటుంది. గొర్రె ఉన్నితో నేసిన గొంగడి ముక్క కుట్టుమిషను సూదిని విరుస్తుంది. పాత చీరలను పొరలు పొరలుగా పేర్చి బొంత కుట్టే ఇళ్ళలో ఎప్పుడూ మిగిలి ఉండే మెత్తటి నూలు గుడ్డే ఇందుకు తగినది. వార్తాపత్రిక మీద ఆకారం గీసి కత్తిరించి, రెండు మడతలు వేసిన గుడ్డపై పెట్టి, చుట్టూ అర అంగుళం మార్జిన్, అంటే కుట్టు లోపలికి పోయే అంచు, వదిలి కోయాలి. తరువాత లాగివేయడానికి వీలుగా దూరదూరంగా వేసే కచ్చా కుట్టుతో రెండు ముక్కలను నిలిపి, మూతి వదిలి మిగతా అంతా మిషను మీద కుట్టి, మడమ వంపు దగ్గర మార్జిన్‌కు చిన్న గాట్లు పెట్టి తిరగేయాలి. గాట్లు మరిచిపోతే మేజోడు కాలి ఆకారం విడిచి సొరకాయ ఆకారం పొందుతుంది. పూసలు, చమ్కీలు, వేలాడే దారాలు నిషిద్ధం. పిల్లి నాలుక మీద గొంతు వైపుకు వంగిన సన్నని ముళ్ళు ఉంటాయి గనుక, నోట పడిన దారాన్ని అది ఉమ్మివేయలేక మింగుతుంది. ఆ దారం పేగుల్లో చిక్కుకొంటే విప్పవలసినవాడు పశువైద్యుడు.

నింపే పదార్థాల విషయంలో మనుషుల పండుగను జంతువులకు పంచరాదు. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్ అనే పదార్థాన్ని కుక్క శరీరం త్వరగా విసర్జించలేదు, అది విషమవుతుంది. ఎండుద్రాక్ష మూత్రపిండాలను చెడగొట్టగలదు. కావున ఊరంతా పంచుకొనే క్రిస్మస్ కేకు కుక్కకు పనికిరాదు. మిగిలినది ఎముక తీసి, ఉప్పు, మసాలా, ఉల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం. దాన్ని రాత్రే మేజోడులో పెడితే చీమలు అర్ధరాత్రి ఆరాధన ముగిసేలోపే పండుగ జరుపుకుంటాయి.

ఈ సూత్రాలన్నింటినీ పాటించి ఈ వ్యాసకర్త తన శునకానికి ఒక మేజోడు కుట్టి, సంప్రదాయానుసారం ఖర్చు లెక్క కూడా రాశాడు. తాను చేయించిన నగల ఖరీదులను కీర్తనలో రాముడికే ఏకరువు పెట్టిన రామదాసు సీమలో లెక్క చెప్పకుండా కానుక ఇవ్వడం మర్యాద కాదు. శునకం తెల్లవారేదాకా ఆగలేదు. మేకును, మేజోడును కలిపి ఊడబెరికి, లోపలి మాంసాన్ని అక్కడే నేల మీద వదిలేసి, గుడ్డను మాత్రం నోట కరుచుకొని పోయింది. 2014లో పోలవరం ప్రాజెక్టు నిమిత్తం ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయినందువల్ల, భద్రాచలం అంచు దాటితే వచ్చే ఎటపాక మరో రాష్ట్రం. మేజోడు కనిపించింది అక్కడే, ఒక అరుగు మీద, చుట్టచుట్టుకొని పడుకున్న శునకం తల కింద. అది పదేళ్ళు ఇంట్లో కట్టి నలిగిన చీర ముక్క. సంచి, కాలు, కానుక అన్న భేదాలేవీ ఎరుగని ఆ ముక్కుకు అందులో ఇల్లంతా తెలిసి ఉండాలి. రాముడు ఆరు లక్షల మొహరీలు చెల్లించి రామదాసును చెరసాల నుండి విడిపించాడని చెబుతారు. శునకం నుండి ఇంతవరకు చెల్లింపేదీ అందలేదు, మేజోడు కూడా తిరిగి రాలేదు.