ఉల్టా చిట్కాలు: కోటగిరిలో ఆగిందా, పైన వెతకండి

నిజాంసాగర్ కాల్వ కింద చివరి మడికి నీళ్ళు రాకపోతే కోటగిరి రైతు మడిలో నిలబడడు. కాల్వ వెంబడి పైకి నడిచి తూము దగ్గర చూస్తాడు. అదే కోటగిరిలో కంప్యూటర్‌కు ఐపీ అడ్రసు రాకపోతే మాత్రం మనం ఆ కంప్యూటర్ ముందే గంటలు కూర్చుంటాం. అందుకే నా సలహాలన్నీ ఉల్టాగా ఉంటాయి. అయినా ఇలాగే చేయండి.

అడ్రసు రాని కంప్యూటర్‌లో, ప్యాకెట్లను పట్టి చూపించే వైర్‌షార్క్‌ను తెరవకండి. అక్కడ కనిపించేది ఒక్కటే: 0.0.0.0 నుంచి 255.255.255.255కు ‘డిస్కవర్’ అనే కేక, కాసేపటికి మళ్ళీ అదే కేక. చివరికి విండోస్ తనంతట తానే 169.254తో మొదలయ్యే అడ్రసు తగిలించుకుంటుంది. ఆ కేక రూటర్‌ను దాటదు. దాన్ని పట్టుకుని, ‘జీఐఏడీడీఆర్’ అనే గడిలో తన అడ్రసు రాసి, అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ సర్వర్‌కు నేరుగా పంపేది రిలే ఏజెంట్. పల్లెలకు పోయే ఉత్తరాల మీద ‘వయా’ అని రాసేవాళ్ళు చూడండి, అలాంటిదే ఈ గడి. ఏ ఊరి పూల్ నుంచి అడ్రసు ఇవ్వాలో సర్వర్ దీన్ని చూసే తేల్చుకుంటుంది. కాబట్టి సర్వర్ నిజామాబాద్‌లో ఉంటే నిజామాబాద్‌లోనే ప్యాకెట్లు పట్టండి.

వైర్‌షార్క్‌లో ఎర్ర గీత లేదు కదా అని ఊరట పడకండి. వైర్‌షార్క్ చూసేది ప్యాకెట్ ఆకారం. 99.130.83.99 అనే గుర్తు సరైన చోట ఉంటే, ఆప్షన్ల పొడవులు సరిపోతే దానికి చాలు. కోటగిరి కేక మీద పక్క ఊరి ‘వయా’ పడినా అది కిక్కురుమనదు. జీఐఏడీడీఆర్‌లో ఉన్నది కోటగిరి లాన్ వైపు ఇంటర్‌ఫేస్ అడ్రసేనా అన్నది మీరే చూడాలి. ట్రాన్సాక్షన్ ఐడీ, మ్యాక్ అడ్రసు రిలేకు ఇటూ అటూ మారకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం, అందరూ వద్దనేది: బాగా నడుస్తున్న కంప్యూటర్ అడ్రసునే వదిలించి చూడండి. ఒక ల్యాబులో రిలేకు ఇచ్చిన సర్వర్ అడ్రసులో ఒక అంకె తప్పు పడింది. రోజుల తరబడి ఎవరికీ తెలియలేదు. లీజు, అంటే అడ్రసు వాడుకునే గడువు, 8 రోజులు. సగం గడువుకు, అంటే నాలుగో రోజున, పాత కంప్యూటర్లు రెన్యూవల్ కోసం సర్వర్‌నే నేరుగా అడుగుతాయి. ఆ ప్యాకెట్‌లో జీఐఏడీడీఆర్ సున్నా, రిలే ఊసే ఉండదు. గడువులో 87.5 శాతం దాటినా జవాబు రాకపోతేనే మళ్ళీ కేక వేసి రిలే దాకా వస్తాయి. ఈలోపు దరఖాస్తు నింపడానికి కొత్త ల్యాప్‌టాప్‌తో ఒక అమ్మాయి వచ్చింది. దానికి అడ్రసు రాలేదు. మిగతావన్నీ నడుస్తున్నాయి కాబట్టి తప్పు ల్యాప్‌టాప్‌దే అన్నాం. దరఖాస్తు నింపకుండానే ఆమె బస్సెక్కింది. ఆ మాట అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను, ఇప్పటికీ బాధే.

అందుకే రెన్యూవల్‌ను రుజువుగా ఒప్పుకోకండి. అడ్రసు వదిలించి మళ్ళీ అడిగించండి. డిస్కవర్, ఆఫర్, రిక్వెస్ట్, అక్నాలెడ్జ్, నాలుగూ రిలే మీదుగా నడవాలి.

ఫైర్‌వాల్ దగ్గర 68 పోర్టు తెరిచారా అని అడగకండి, 67 అడగండి. సర్వర్ తన జవాబును రిలేకు పంపేది 67కే, అదీ జీఐఏడీడీఆర్‌లో ఉన్న అడ్రసుకు. ప్యాకెట్ ఏ అడ్రసు నుంచి వచ్చిందో దానికి పింగ్ కొట్టి సంతోషించకండి. జీఐఏడీడీఆర్‌కు దారి ఉందా చూడండి.

రిలే తగిలించే ఆప్షన్ 82, 2001లో ప్రమాణమైనది, దాని సంగతి కూడా తిరగేసి చూడాలి. సర్వర్ దాన్ని ఉన్నదున్నట్టు తిప్పి పంపాలి. రిలే దాన్ని తీసేసి కంప్యూటర్‌కు ఇవ్వాలి. కంప్యూటర్ దగ్గర కనిపించకపోవడమే మంచి సంకేతం. రిలేకు చేరేసరికి ఆప్షన్ 82 ఉండి జీఐఏడీడీఆర్ సున్నాగా ఉంటే, ఆ దారి నమ్మదగినదని చెప్పి ఉండకపోతే, రిలే ఆ ప్యాకెట్‌ను పారేస్తుంది. నియమమే అది, చెడిపోయిందనుకోకండి.

ఐపీవీ6లో కంప్యూటర్ సందేశంలోని గడి నింపరు, కవరు మీద కవరు వేస్తారు. ప్రతి రిలే లోపలి సందేశాన్ని ముట్టుకోకుండా రిలే-ఫార్వర్డ్‌లో చుడుతుంది. ఇక్కడ లోపలి ఉత్తరం చదవడంతో మొదలుపెట్టకండి. ముందు కవర్లు లెక్కపెట్టండి. రెండు రిలే-ఫార్వర్డ్ పొరల్లో వెళ్ళిన దానికి జవాబు రెండు రిలే-రిప్లై పొరల్లోనే రావాలి. ఏ పొరలో ఇంటర్‌ఫేస్ ఐడీ ఉందో జవాబులోనూ ఆ పొరలో అదే ఉండాలి. ఈ లెక్క కుదిరాకే లోపల ఏ అడ్రసు ఇచ్చారో చూడండి.