చాప చుట్టేసిన యోగం

మా బావమరిదికి మొన్న సంక్రాంతికి నలభై నిండాయి. నలభై నిండగానే నడుము పట్టేసింది. నడుము పట్టేసిన మర్నాడే, "బావా, సోమవారం నుంచి యోగా మొదలుపెడుతున్నా" అని ప్రకటించాడు. సోమవారం రానే వచ్చింది. అన్నమాట ప్రకారం తెల్లవారుజామునే లేచి, వెన్ను వంచి, మెడ దించి, గంటసేపు కదలకుండా కూర్చున్నాడు. ఫోన్ ముందు.

చాప ఎంచుకుంటున్నాడట. 4 మిల్లీమీటర్లదా, 6దా, 8దా? పీవీసీదా, టీపీఈదా, రబ్బరుదా, కార్కుదా, జనపనారదా? ఒక్కోదాని కింద జనం రాసిన మెప్పులూ తిట్లూ చదవడానికి మూడు వారాలు పట్టింది. పెళ్లిసంబంధాలప్పుడు వీడు రెండో ఫొటోకే సరేనన్నవాడు.

నాలుగో వారం అట్టపెట్టెలు దిగడం మొదలైంది. చాప వచ్చింది. చాప మీద పరిచే తువ్వాలు వచ్చింది. చాపను తుడిచే స్ప్రే వచ్చింది. చాపను మోసుకెళ్లే సంచీ వచ్చింది, పడగ్గది నుంచి హాల్లోకి పదడుగుల దూరం మరి! ఆ తర్వాత రెండు ఫోమ్ దిమ్మలు, ఇనుప రింగులున్న ఎనిమిదడుగుల పట్టీ, బోల్‌స్టర్ అనే పొడుగాటి దిండు, వెన్ను వాల్చడానికో ప్లాస్టిక్ చక్రం, కళ్ల మీద పెట్టుకోవడానికి అవిసె గింజలు కుట్టిన చిన్న సంచీ. "ఆ అవిసె గింజలేవో పొడి కొట్టుకుని తింటే ఒంటికైనా పట్టేవి కదరా" అంది మా అత్తయ్య. చాప కింద నీరంటే ఏమిటో క్రెడిట్ కార్డు బిల్లు వచ్చాక మా చెల్లెమ్మకి అర్థమైంది.

ఆదివారం ప్రారంభోత్సవం. ముఖ్య అతిథిని నేనే. చుట్టి పంపిన చాప కదా, ఎంత పరిచినా మళ్లీ చుట్టుకుపోతోంది. ఒక మూల కందిపప్పు డబ్బా, ఒక మూల మినప్పప్పు డబ్బా, ఇంకో మూల గోధుమపిండి డబ్బా పెట్టాం. నాలుగో మూల మీద నేను కూర్చున్నాను. గదంతా కొత్త టైర్ల కొట్టు వాసన. వాడు కాళ్లు దగ్గరగా పెట్టి, కళ్లు మూసి, రెండు చేతులూ పైకెత్తి, ఒక కన్ను తెరిచి, "బావా, పట్టీ రంగు చాపకి కలవలేదు కదూ?" అని చేతులు దించేశాడు. ఆ పూటకి సాధన సమాప్తం. పట్టీ వాపసుకి వెళ్లింది.

ఇదంతా జరుగుతున్నంతసేపూ డెబ్భై రెండేళ్ల మా అత్తయ్య వంటింటి గుమ్మం దగ్గర చాపా లేని గచ్చు మీద బాసింపట్టు వేసుక్కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తీయడం అయ్యాక, పళ్లెం రెండు చేతులతో పట్టుకుని, నేలకి చెయ్యి ఆనించకుండా లేచి, మాకు కాఫీ కలపడానికి వెళ్లింది. ఆవిడకి ఆసనాల పేర్లు ఒక్కటీ తెలియవు.

ఈ జబ్బు మావాడొక్కడిదే అయితే కాఫీ తాగి ఊరుకునేవాణ్ణి. "సరైన పరికరాలు లేనిదే ఇంట్లో యోగా మొదలెట్టకూడదు" అనే కొత్త శాస్త్రం ఇప్పుడు ఇంటింటికీ పాకింది. ఆడలేక మద్దెల ఓడన్నది పాతకాలపు నర్తకి. మనం ఇంకా తెలివైనవాళ్లం. ఆడటానికి ముందే నాలుగు మద్దెలలు కొని, వాటిలో ఏది మంచిదో తేలేదాకా ఆట వాయిదా వేస్తాం.

అమ్మేవాళ్ల తెలివి ఇంకో మెట్టు పైన ఉంది. ఓంకారం అచ్చేసిన చాపలు అమ్ముతున్నారు. పుస్తకానికి కాలు తగిలితే గబుక్కున కళ్లకద్దుకునే ఇళ్లు మనవి. ఆ ఇళ్లలోనే ఇప్పుడు మడమలు ఓంకారం మీద, మునివేళ్లు తామర రేకుల మీద. ఏడు చక్రాలూ వరసగా అచ్చేసిన చాప మరొకటి. వెన్నులో మేల్కొనాల్సినవాటిని పాదాల కింద పరిచేశాక ఇక మేల్కొలిపే శ్రమ ఎందుకు? రోజూ తొక్కితే చాలు.

ఇంత భక్తిగా కళ్లకద్దుకోబోయే ముందు కాళ్లు జారనివ్వని ఆ చాప పూర్వజన్మ కాస్త వినండి. అది ఏ మహర్షీ తపస్సు చేసి తెచ్చింది కాదు. యూరప్‌లో తివాచీలు జారకుండా అడుగున వేసే పొర అది. ఏంజెలా ఫార్మర్ అనే యోగా టీచరు జర్మనీలో దాన్ని చూసి, ముక్క కోసి కాళ్ల కింద వేసుకున్నారు. అక్కణ్ణుంచి వ్యాపారం మొదలైంది. తివాచీ కింద ఉండాల్సింది మన నెత్తికెక్కింది, అంతే.

పోనీ, శాస్త్రం ఏమంటోంది? పతంజలి రాసినవి దాదాపు రెండు వందల సూత్రాలు. ఆసనం గురించి నేరుగా చెప్పినవి మూడు. కదలకుండా, సుఖంగా కూర్చోగలగాలన్నది అందులో సారాంశం. ఎన్ని మిల్లీమీటర్ల మీద కూర్చోవాలో ఆయన రాయలేదు. పైగా అష్టాంగాల్లో ఆసనం మూడోది. మొదటిదైన యమంలోనే అపరిగ్రహం ఉంది. అంటే అవసరానికి మించి కూడబెట్టకపోవడం. మూడో మెట్టుకి సామాను కొనే తొందరలో మనవాళ్లు మొదటి మెట్టు మీదే కాలుజారారు. అక్కడ ఏ రబ్బరు చాపా ఆపలేదు.

భగవద్గీత ఆరో అధ్యాయంలో మాత్రం ఒక జాబితా ఉంది, కాదనను. మరీ ఎత్తూ మరీ పల్లమూ కాని శుభ్రమైన చోట దర్భలు, వాటి మీద చర్మం, దాని మీద వస్త్రం. మూడే వస్తువులు. నాలుగోది మనసు. అది మన ఆన్‌లైన్ బండిలో ఎప్పుడూ "స్టాక్ లేదు" అనే చూపిస్తుంది.

పరికరాలన్నీ దండగేనా అంటారా? అలా అంటే నాదీ మూర్ఖత్వమే. హంపీలో 1528లో కృష్ణదేవరాయలు చెక్కించిన నరసింహస్వామిని చూడండి. ఇరవై అడుగులు దాటిన ఆ ఏకశిలా మూర్తి మోకాళ్లను చుట్టి ఒక పట్టీ ఉంటుంది. యోగపట్టం అంటారు. శబరిమల అయ్యప్ప మోకాళ్లకీ అదే పట్టీ. దేవుళ్లకే ఊతం తప్పలేదు, మనకెందుకు నామోషీ? కాకపోతే ఆ పట్టీ మోకాళ్లకి చుట్టుకుని ఉంది, అట్టపెట్టెలో లేదు.

ఈ కాలంలో పరికరాలకి పెద్ద పీట వేసిన గురువు బి.కె.ఎస్. అయ్యంగార్. 1918లో కర్ణాటకలోని బెళ్లూరులో పుట్టి, చిన్నతనమంతా మలేరియా, టైఫాయిడ్, క్షయలతో తీసుకున్న మనిషి. వంగని ఒంటి బాధ తెలిసినవాడు కాబట్టి ఇటుకలు, కుర్చీలు, తాళ్లు, దుప్పట్లు సాధనలోకి తెచ్చారు. ఇంట్లో ఉన్న వస్తువుని ఒంటికి ఊతం చేశారాయన. మనం ఆ ఊతానికి బ్రాండు వేసి ఇంట్లోకి కొంటున్నాం. తొమ్మిది అంగుళాల ఫోమ్ దిమ్మ చేత్తో పట్టుకుని అత్తయ్య, "ఇటుకంత ఉంది, ఇటుక బరువన్నా లేదు" అంది. మన బట్టీ ఇటుక పొడవూ తొమ్మిది అంగుళాలే.

ఏది ఎందుకో తెలిస్తే ఏది అక్కర్లేదో కూడా తెలుస్తుంది. త్రికోణాసనంలో చెయ్యి నేలకి అందకపోతే నేలనే చేతి దగ్గరికి తెచ్చేది దిమ్మ. ఆ పని ముక్కాలిపీట చేస్తుంది. పశ్చిమోత్తానాసనంలో చేతులు పాదాలకి అందకపోతే పట్టీ కావాలి. ఆ పని కండువా చేస్తుంది. బాసింపట్టు వేస్తే మోకాళ్లు నడుము కన్నా పైకి లేస్తున్నాయా? పిరుదుల కింద మడతేసిన దుప్పటి పెట్టండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కుర్చీ, తూలిపోయేవాళ్లకి గోడ. గోడకి డెలివరీ చార్జీలు లేవు. నిజంగా కొనదగ్గది ఒక్కటే, జారని చాప. టైల్సు మీద దుప్పటి పరిచి కాళ్లు ఎడంగా పెడితే ఆసనం మీరు వేయరు, అదే వేయిస్తుంది. అదైనా మరీ మందం వద్దు. మెత్తటి దూదిపరుపు లాంటి చాప మీద వృక్షాసనం వేస్తే ఆ చెట్టు గాలికి ఊగుతుంది.

2025 జూన్ 21న విశాఖ సముద్రతీరం పొడవునా మూడు లక్షల మందికి పైగా యోగా చేశారు. అందులో బోల్‌స్టర్ లేదని వెనక్కి తిరిగిన వాళ్లెవరూ నాకు తగల్లేదు.

మావాడి సామాను సంగతి చెప్పాలి కదా. దిమ్మల్లో ఒకటి బాల్కనీ తలుపు కొట్టుకోకుండా అడ్డం ఉంది. రెండోది వాషింగ్ మెషీను కాలి కింద ఉంది. బోల్‌స్టర్ క్రికెట్ చూసేటప్పుడు మోచేతి కింద ఉంటుంది. మారు రంగులో వచ్చిన పట్టీ అమెరికా వెళ్లిన మేనల్లుడి సూట్‌కేసుకి బిగించారు. కుటుంబంలో కాస్త సాగింది అదొక్కటే. చక్రాన్ని పిల్లాడు మేడ మీద దొర్లిస్తున్నాడు. చాప మీద వడియాలైనా పెట్టుకోవచ్చనుకుంటే అత్తయ్య ఒప్పుకోలేదు. "ఆ టైరు కంపు మీద వడియాలా?" అంది. చివరికి చాప చుట్టేశారు. యోగా కూడా.

అయ్యా, అమ్మా, బండి నింపే ముందు ఒక్క పని చేయండి. ఫోన్ పక్కన పెట్టి నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చోండి. పది నిమిషాలయ్యాక చెయ్యి ఆనించకుండా లేవండి. లేవగలిగితే జారని చాప తప్ప మీకు ఏ సామానూ అక్కర్లేదు. లేవలేకపోతే చెయ్యి దేనికోసం తడుముకుందో చూసుకోండి. మీకు కావాల్సిన పరికరం అదే, బహుశా అది మీ ఇంట్లోనే ఉంది.