సాక్షిపురుషుడు

సాంఖ్యదర్శనమున పురుషుడనువాడు ఏ పనియు చేయడు. ప్రకృతి యాడుచున్నంత సేపును ఉదాసీనుడై చూచుచుండుటయే వాని స్వభావము. ఆ పురుషునకు ఒక దేహమును, భుజముపై తువాలును, చేతిలో గొడ్లకర్రయు ప్రసాదించి సిద్దిపేట జిల్లాలోని మిరుదొడ్డి ప్రాంతమున విడిచిపెట్టినచో ఎట్లుండునో చూడగోరువారు పెద్దగా శ్రమపడనక్కరలేదు. లోహములను పసిగట్టు మెటల్ డిటెక్టరు నొకదానిని చేతబట్టుకొని ఆ మండలమున ఏ చెలకలోనైనను, ఏ వాగుగట్టుననైనను పది యడుగులు నడచిన చాలును. అంతవరకు నరసంచారము లేని యా ప్రదేశమున వాడు అవతరించును. ఎటనుండి వచ్చెనో తెలియదు. యంత్రధారి చెవులకు హెడ్‌ఫోన్లుండుటచే అడుగుల చప్పుడును వినబడదు. తల యెత్తి చూచునప్పటికి వాడు అక్కడ నుండును, అంతియే.

యంత్రధారిని గూర్చియు రెండు మాటలు చెప్పవలెను. నేనెరిగిన యంత్రధారి ఉపాధ్యాయవృత్తినుండి విరమించిన పెద్దమనిషి. అమెరికాలోనున్న కుమారుడు, సముద్రతీరమున జనులు పోగొట్టుకొన్న నగలను ఈ సాధనముతో వెదకువారిని చూచి ముచ్చటపడి, తండ్రికొకటి తెచ్చి యిచ్చెను. నాటినుండి నాట్లు వేయువేళ బురదలో జారిన ఉంగరములును, కూడవెల్లి రామలింగేశ్వరుని జాతరలో వాగుస్నానములవేళ ఇసుకపాలైన పట్టీలును, చెవిపోగులును వెదకి సొంతదారులకప్పగించుట ఆయనకు వ్యసనమయ్యెను. సంకల్పము నిర్దోషమైనది, చిక్కల్లా సిగ్గుతోనే. జీవితమంతయు తరగతిగదులలో వందల కన్నుల యెదుట నిలిచి గ్రహణములను, గుణకారములను బోధించినవాడు ఒక్క మేకలకాపరి చూపునకు చెమటలు గ్రమ్మి నేలచూపులు చూచును. తరగతిలో ఎదుటనున్నవారు ఆయన చెప్పునది వినవలసినవారు. ఇచ్చట నెదుటనున్నవాడు ఆయనను పరీక్షించువాడు. ప్రశ్నలడుగుట అలవాటైనవానికి ప్రశ్నింపబడుటకంటె మించిన శిక్ష వేరొకటి యుండదు.

సాక్షిపురుషుని దర్శనము మూడవస్థలుగా సాగును. ప్రథమావస్థలో వాడు పది గజముల దూరమున, చేతులు వెనుకకు కట్టుకొని, మెడ కొంచెము ముందుకు సాచి మౌనముగా నిలుచును. ద్వితీయావస్థలో దగ్గును, ఈ దగ్గునకును శ్వాసకోశములకును సంబంధము లేదు, అది రాకను తెలుపు మర్యాద. తృతీయావస్థలో యంత్రధారి సరసన, ఆయన వేగముననే నడచుచు, తానును నేలవంక చూచుచు, "ఏం దేవులాడుతున్నవ్ సారూ?" అని యడుగును. ఈ ప్రశ్నకు తగిన సమాధానము నేటివరకు ఎవ్వరికిని తట్టలేదు. "ఏమీలేదు, ఊరకనే" అన్నచో నమ్మడు. మన దేశమున మనుష్యుడు వంగుట నాటువేయుటకో, కోతకోయుటకో, అధికారికి మ్రొక్కుటకో కాని ఊరక వంగుట ఎవడు కనెను? "ఉంగరము పోయినది" అన్నచో నమ్మును గాని ఊరకొనడు. "ఎవ్వలది? అర్ధతులమా, తులమా? గప్పుడే ఎందుకు దేవులాడలే? ఇంట్ల మంచిగ సూసిండ్రా?" అని వ్యాజ్యమునకు చాలినంత వాఙ్మూలము తీసికొనును. బదులు పలుకక తల యూపి యూరకున్నచో మరింత ప్రమాదము. ఉత్తరము దొరకనిచోట వాడు ఉత్తరమును తానే కల్పించుకొనును.

ఆ కల్పనలను వట్టి మూఢత్వమని త్రోసిపుచ్చుటకు వీలులేదు. ఈ మెట్టప్రాంతమున బోరుబావుల కాలము వచ్చినది మొదలు, యంత్రముతోనో, అరచేతిలో నిలిపిన కొబ్బరికాయతోనో, వేపపుల్లతోనో పొలమున అటునిటు తిరిగినవాడు నీళ్ళు చూచువాడే. కావున సాక్షిపురుషుని మొదటి యూహ, "ఎన్ని ఫీట్లకు వడ్తయ్ సారూ?" అనునదియే. నీరు కాదనినచో రెండవది బాంబు. తెలంగాణపు పల్లెలలో జనులు ఇట్టి యంత్రమును మొదట చూచినది నక్సలైటుల కాలమున, మందుపాతరలను వెదకు పోలీసుల చేతులలో గదా. బాంబను మాట పుట్టగనే అందరును రెండడుగులు వెనుకకు వేయుదురు. అది ప్రేలినచో చక్కగా కనబడవలెనని పిమ్మట నాలుగడుగులు ముందుకు వత్తురు. మూడవది కాలువ. తొగుట, కొండపాక మండలముల నడుమ 50 టి.ఎం.సి.ల మల్లన్నసాగరము 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమగుటకు ముందు, కొలతల పనిముట్లు పట్టుకొని వచ్చినవారి వెనుక భూసేకరణయు, దాని వెనుక ఊళ్ళకు ఊళ్ళు ఖాళీయగుటయు ఈ ప్రాంతమువారు కన్నులార చూచిరి. అట్టిచోట, తెలియనివాడొకడు చక్రమువంటి దానిని నేలపై నాడించుచు తన గట్టువెంబడి నడచినప్పుడు, "మా జాగలకెల్లి ఏమన్న వోతదా సారూ?" అని యడిగిన రైతు గొంతున హాస్యము లేదు. యంత్రధారి ఆ యొక్క ప్రశ్నకు మాత్రము యంత్రము దింపి, హెడ్‌ఫోన్లు తీసి, తిన్నగా బదులు చెప్పును.

నీరు కాదు, బాంబు కాదు, కాలువ కాదని తేలినపిమ్మట మిగులునది నిధి. ఇచ్చట సాక్షిపురుషుని కంఠస్వరము తగ్గును. "నిజం జెప్పు సారూ, లంకెబిందెలేనా? రజాకార్ల లొల్లిల సావుకారు గీడనే ఏడనో పాతివెట్టి పట్నం వోయిండని మా తాత చెప్పేటోడు." 1948 నాటి ఆ సావుకారు ప్రతి యూరను కలడు, పాతిపెట్టినచోటు మాత్రము ప్రతి యూరను 'ఏడనో'యే. ఈ యాశకు ఆధారము బొత్తిగా లేకపోలేదు. నాటి మెదకు జిల్లాలోనిదే యైన కొండాపురమున 1940-41లో నిజాము ప్రభుత్వ పురావస్తుశాఖవారు త్రవ్వకములు జరుపగా శాతవాహనుల నాణెములు వేలకొలది బయల్పడెను. చార్మినారు బొమ్మగల వెండిరూపాయి దున్నునప్పుడు కర్రునకు తగిలెనను కథ వినని ముసలివాడు ఈ ప్రాంతమున అరుదు. కాని మన యంత్రము నాణెమును పసిగట్టగలిగినది ఇంచుమించు జానెడు లోతున మాత్రమే. సాక్షిపురుషుని లెక్కలో అది తాటిచెట్టు లోతువరకు చూచును. తల్లికడుపులోని బిడ్డను స్కానింగు తీసి చూపు కాలమున భూమికడుపులోని బిందె కనబడదనుట వానికి అధికారుల బుకాయింపుగా తోచును.

సాక్షిపురుషుడు చిరకాలము ఏకాకిగా నుండడు. ఒకడు చూచుచున్నచోట చూడదగినదేదో యుండితీరవలెనను న్యాయమున రెండవవాడు వచ్చును. వాడు యంత్రమును చూడడు, మొదటివానిని చూచి నిలుచును. మూడవవాడు మోటారుసైకిలు ఆపును. ఆటో ఆగును, అందులోని స్త్రీలు దిగుదురు. కాపరి ఇచ్చట నిలుచుటచే మేకలు పరుల మక్కచేనులో జొరబడును; ఆ చేని సొంతదారు తిట్టుకొనుచు వచ్చి, తిట్టు సగములో మరచి, తానును నిలుచును. ఈ సభలో నవయువకుడగు సాక్షి మాత్రము చేతులు వెనుకకు కట్టుకొనడు, వాని చేతిలో సెల్‌ఫోనుండును. ముసలి సాక్షి చూపు ఊరి పొలిమేర దాటదు. యువసాక్షి చూపు వాట్సాపు గ్రూపులలో పడి ప్రొద్దుగూకులోపల దుబాయి చేరును. యంత్రధారి గుండె నిజముగా జారునది ఇచ్చటనే.

చూడబడువాని శరీరము వాని మాట వినదు. అంతవరకు తిన్నగా సాగిన కాళ్ళు ఒకదానికొకటి అడ్డుపడును. నేలను అంటియంటనట్లు ఊగవలసిన యంత్రము గాలిలో తేలిపోవును. చెవిలో చక్కని ధ్వని మ్రోగినను మ్రోగనట్లు నటించి నాలుగడుగులు ముందుకు సాగి, ఎవ్వరును చూడని క్షణమున తిరిగి రావలెనని ఆయన తలచును. అట్టి క్షణము రాదు. హెడ్‌ఫోన్లలోని మ్రోతను పెట్టుకొన్నవాని కనుబొమలయందు చదువు విద్యలో సాక్షిపురుషుడు ఆరితేరినవాడు. "గీడ మోగింది గద సారూ, ఇడిసిపెట్టి వోతున్నవేంది?" అని గొడ్లకర్రతో నేలపై గుండ్రముగా గీత గీయును. ఇక త్రవ్వక తప్పదు.

గుంపు వలయమగును, వెలుతురు తగ్గును. ఎడ్ల నాడాలు, బండికమ్మి ముక్కలు మొదలగు ఇనుపవస్తువులకు ధ్వని వేరుగా నుండుటచే వానిని చాలవరకు విడిచిపుచ్చవచ్చును గాని, గుట్కా పొట్లముల రేకునకును సన్నని బంగారుటుంగరమునకును యంత్రము ఇంచుమించు ఒకే రాగము పాడును. జాతర ముగిసిన ఇసుకలో ఈ రెంటిలో ఏది యధికమో చెప్పనక్కరలేదు. మోకాళ్ళపై కూర్చుండి చెమటలు కార్చుచు త్రవ్విన యుపాధ్యాయుని యరచేతిలో నలిగిన రేకుముద్ద నిలుచును. యంత్రధారికి ఇది పరాభవము. సభకు ఇది ఆరంభము. "అసలుది కిందుంటది, గిది మీది మూత" అని యొకడు. "దొర్కింది గనీ, మనం సూస్తున్నమని తీస్తలేడు" అని వేరొకడు. ఇంకొకడు ఆ రేకును తీసికొని అంగీకి తుడిచి, ఎండకు పట్టి చూచి, విచారముగా తిరిగి యిచ్చివేయును, అది యంత్రధారి తాతలనాటి సొత్తయినట్లు.

పిమ్మట సలహాలు. ఈ యవస్థ టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్లంతవానికే తప్పలేదు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డు దేహమున దిగబడిన తూటాను వెదకుటకై ఆయన ఇట్టి యంత్రము నొకదానిని నిర్మించి అధ్యక్షభవనమునకు కొనిపోయెను. చుట్టును వైద్యులు నిలిచి చూచుచుండిరి. వారి పెద్ద బ్లిస్ అను డాక్టరు తూటా కుడివైపుననే యున్నదని నిశ్చయించి ఆ వైపుననే వెదకనిచ్చెను. పరుపులోని ఉక్కుతీగలు యంత్రమును మరింత తికమకపెట్టెను. సెప్టెంబరు 19న అధ్యక్షుడు మరణించినపిదప శవపరీక్ష చేయగా తూటా ఎడమవైపున కనబడెను. మిరుదొడ్డి సాక్షి ఈ బ్లిస్ కంటె ఉదారుడు. కుడివైపు చూడుమని యొకడు, ఎడమవైపని యొకడు, చింతచెట్టు క్రిందనని మరియొకడు, అసలు ఈ యూరే కాదని నాల్గవవాడు చెప్పుదురు. నాలుగింటిలో ఒకటి నిజమగుటకు అవకాశమున్నది.

చూపుల బాధ తప్పించుకొనుటకు మా యంత్రధారి పన్నని యుపాయము లేదు. తెల్లవారకమునుపే బయలుదేరినచో బోరుమోటారు వేయవచ్చిన రైతు ఎదురగును. టోపీ పెట్టి, కాగితముల యట్ట చంకనిడి అధికారి వాలకమున పోయినచో పింఛను రాలేదను అర్జీలు చుట్టుముట్టును. తుదకు రాత్రివేళ టార్చిలైటుతో పోవుదునని యాయన పలుకగా భార్య వారించెను. "పగటీలి దేవులాడితె పిచ్చోడంటరు, రాత్రి దేవులాడితె దొంగంటరు. పిచ్చోడనిపిచ్చుకునుడే నయం" అనెను.

ఆ యిల్లాలి మాటలో ధర్మశాస్త్రమంతయు నిమిడియున్నది. పాడుబడిన గుడులలో నందులను పెకలించి, నిమ్మకాయలును పసుపుకుంకుమలును చల్లిపోవు గుప్తనిధుల వేటగాండ్రను గూర్చి పత్రికలలో తరచుగా చదువుచుందుము. వారు త్రవ్వుచున్నప్పుడు ప్రక్కన నిలిచి దగ్గువాడొక్కడును ఉండడు. దొంగతనమునకు గుర్తు అదియే. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము పది రూపాయల విలువకు మించిన నిక్షేపము దొరకినవాడు, అది యెట్టిదో, ఎంత విలువ చేయునో, ఎచ్చట ఎన్నడు దొరకెనో కలెక్టరునకు వ్రాతమూలకముగా తెలుపవలెను. తెలుపనివానికి ఏడాదివరకు చెరసాల విధింపవచ్చును. 1958 నాటి చట్టము ప్రకారము రక్షిత ప్రాచీనస్థలములలో అనుమతి లేక త్రవ్వనే రాదు. ఆ శాసనకర్తలు ఒక్క దినము మిరుదొడ్డి చెలకలలో నిలిచియుండినచో ఇంత కాగితమును వ్యర్థపరచి యుండరు. గడ్డపార నేలను తాకకమునుపే సాక్షిపురుషుడు ఆ తెలుపవలసినదంతయు ఊరికెల్ల తెలిపియుండును. విలువ విషయమున కొంత యుదారముగనే తెలిపియుండును. దొరకినదానిని దాచెనని నలుగురు పలికినను, దొరకలేదని పలుకుటకును ఆ నలుగురే యుందురు. అపరిచితుని చూపులు సిగ్గరికి శిక్షవలె తోచును గాని, పరుల నేలపై వంగినవానికి అంతకుమించిన యోగ్యతాపత్రము ఏ కచ్చేరియు వ్రాసి యీయజాలదు.

అదియునుగాక, యంత్రముకంటె సాక్షియే మేలైన యంత్రము. జాతరకు వచ్చిన బంధువులపిల్ల యుంగరము వాగున పోగొట్టుకొనగా మా యంత్రధారి నీటియంచున స్నానములుచేసిన తావంతయు గాలించి విసిగెను. గట్టున కూర్చుండి చూచుచున్న కొబ్బరికాయలమ్ము ముసలమ్మ తుదకు, "గాడ గాదు బిడ్డా. ఆ పిల్ల గీ బండ మీద గూసొని ఎంటికలు దువ్వుకున్నది. ఉంగురం తీసి కొంగుకు ముడేసింది, నేను జూసిన" అనెను. ఆ బండ ప్రక్కనే నాలుగంగుళముల ఇసుక క్రింద ఉంగరముండెను. యంత్రమునకు తెలిసినది లోహమొక్కటే. ఆ ముసలమ్మకు లోహమును, అది యుండిన వ్రేలును, ఆ వ్రేలుగల పిల్ల అత్తగారితో మాటలాడుచున్నదో లేదో కూడ జ్ఞప్తియందుండెను. ఆ యర్ధతులపు టుంగరము చాయహోటలు చేరునప్పటికి తులమున్నరయై, బస్టాండు చేరునప్పటికి వడ్డాణమయ్యెననుట వేరు సంగతి.

నాటినుండి యంత్రధారి సిగ్గు విడిచెనని చెప్పజాలను. చెమట పట్టుచునే యున్నది. కాని సంచిలో బ్యాటరీలతోపాటు ఒక ఫ్లాస్కెడు చాయయు, కాగితపు గ్లాసుల దొంతియు చేరినవి. సాక్షి దగ్గినంతనే గ్లాసు నింపి చేతికిచ్చును. త్రాగుచున్నంత సేపైనను ప్రశ్నలాగునని ఆశ. ఆయనకు మధుమేహమగుటచే ఆ చాయలో చక్కెర యుండదు. మొదటి గుక్కకే మొగము చిట్లించిన గొర్లకాపరి యొకడు గ్లాసువంకయు, యంత్రమువంకయు మార్చి మార్చి చూచి యిట్లనెను: "చక్కెర కాడనే గింత పిసినారితనం జేస్తున్నవ్, రేపు బంగారం దొర్కితె మాకు సూపెడ్తవా సారూ?"