పది నిమిషాల అంటరానితనం

పుదుచ్చేరిలోని మా నెల్లితోపు పిల్లలకు వివక్ష అంటే ఏమిటో తెలియదట. 2016 ఉప ఎన్నికలో ముఖ్యమంత్రినే గెలిపించి పంపిన పేట ఇది, అయినా పిల్లలకు లోకజ్ఞానం అబ్బలేదు కాబోలు. అందుకని బడిలో కళ్లకు డబ్బా కట్టి చూపిస్తారట. వీఆర్ హెడ్‌సెట్ తగిలించుకుంటే పది నిమిషాలు అంటరానివాడు, తీసేస్తే మళ్లీ మామూలు మనిషి. తీసేసే వీలుందని తెలియక కొన్ని వాడలవాళ్లు తరతరాలుగా పెట్టుకునే ఉన్నారు, పాపం.

అమెరికావాళ్లు 2018లోనే 'థౌజండ్ కట్ జర్నీ' అని వీఆర్ చిత్రం ఒకటి తీశారు. చూసేవాడు మైకేల్ స్టెర్లింగ్ అనే నల్లజాతి మనిషైపోయి బడిలో, పోలీసుల ముందు, ఉద్యోగాల వేటలో అవమానాలు పడతాడు. మంచి ప్రయత్నమే, కాదనను. కానీ అక్కడి స్టాన్‌ఫర్డ్ పరిశోధకులే 2009లో తేల్చిన సంగతి ఇంకొకటుంది: ఇలాంటి మాయాలోకంలో తెల్లవాడి ఒళ్లు తొడుక్కున్నవాళ్ల కంటే నల్లవాడి ఒళ్లు తొడుక్కున్నవాళ్లలోనే నల్లవాళ్ల మీద లోలోపలి చులకన ఎక్కువ కనబడింది. డబ్బాలు అమ్మేవాళ్లు ఆ ముక్క చెప్పరు.

మన దగ్గరైతే సెట్టింగుల ఖర్చు కూడా దండగే. ఊళ్లో కాలవకు అటు తెల్లపట్నం, ఇటు నల్లపట్నం అని ఫ్రెంచివాళ్లు గీసిపెట్టి పోయారు. సంబా కోవిల్ అనే చర్చిలో పరయ క్రైస్తవులకూ మిగతావాళ్లకూ మధ్య అడ్డుగోడ ఉండేదనీ, 1745లో పరయలు నిలదీస్తే పడగొట్టారనీ ఫ్రెంచివాళ్ల దుబాసీ ఆనందరంగ పిళ్లై డైరీలో రాసుకున్నాడు. కస్తూరి రంగకవి చేత ఛందస్సు గ్రంథం అంకితం పుచ్చుకున్న దుబాసీ గారే సాక్షి, ఇంకేం కావాలి?

అంత వెనక్కి వెళ్లే ఓపిక లేకపోతే మా సందులోకి రండి. ఒకింటి పెరటిగోడ మీద స్టీలు గ్లాసు బోర్లించి ఉంటుంది. అంచు సొట్ట. పనిచేసే ఆవిడది. గిన్నె గ్లాసుకు తగలకుండా జానెడు ఎత్తునుంచి కాఫీ పోస్తారు. తాగి, తనే కడిగి, మళ్లీ అక్కడే బోర్లిస్తుంది. రేపు ఆ ఇంటి అబ్బాయి డబ్బా పెట్టుకుని భోరుమంటాడు: "అమ్మా, వాళ్లకు గ్లాసు కూడా వేరేనటే!" తల్లి కొంగుతో కళ్లొత్తుకుంటుంది. పక్కనే ఊడుస్తున్న ఆవిడతో, "కాస్త అవతలికి జరగవే, అబ్బాయికి కళ్లు కనబడ్డం లేదు" అంటుంది.

ఇంతకీ బడికి వచ్చేది ఒకటే డబ్బా అనుకోండి, క్లాసులో పిల్లలు నలభైమంది. ఒకడి మొహానికి పెట్టింది తీసి ఇంకొకడికి పెట్టాలి. పాఠం పూర్తికాకముందే హెడ్‌మాస్టరుకు ఫోను మోగుతుంది.

"సార్, ఏమనుకోకండి... మావాడికంటే ముందు అది ఎవరు పెట్టుకున్నారండీ?"