టాపిక్కు కత్తెర

మా డిగ్రీ పిల్లలను ఆఖరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు రాయమంటే చాలు, గుండె ధైర్యం ఎక్కడినుంచో వచ్చేస్తుంది. జనగామ పిల్లవాడు ‘తెలంగాణ సాయుధ పోరాటం’ అంటాడు. మానుకోట అమ్మాయి ‘భారతదేశ వ్యవసాయం’ అంటుంది. భూపాలపల్లి కుర్రాడు ‘బొగ్గు – ప్రపంచ ఆర్థిక వ్యవస్థ’ దగ్గర ఆగితే మన అదృష్టం.

“ఇంత పెద్దది ఎందుకురా?”

“చిన్నదైతే పేజీలు నిండయి సార్!”

నిజానికి చిన్నదైతేనే నిండుతాయి. పెద్ద టాపిక్కులో ప్రతి వాక్యమూ ఎవరో ఒకరు రాసేసిందే. చిన్నదాని గురించి మనమే వెళ్లి నలుగురినీ అడగాలి.

కుదించడంలో సర్కారును మించిన గైడు లేడు. 2016 అక్టోబరులో ఉమ్మడి వరంగల్‌ను విడదీసి జనగామ, మహబూబాబాద్ (అదే మన మానుకోట), జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు చేసింది. ‘భూపాలపల్లి జిల్లాలో మేడారం జాతర’ అని అట్ట మీద అచ్చేయించుకున్నవాళ్లు కుదుటపడేలోపే, 2019 ఫిబ్రవరిలో ములుగు వేరు జిల్లా అయింది, మేడారం అటు వెళ్లిపోయింది.

జనగామ వాడితో బేరం పెట్టాను. పోరాటమంతా వద్దు, మన జిల్లా చాలన్నాను.

“అయితే బైరాన్‌పల్లి రాస్త సార్.”

“అదిప్పుడు సిద్దిపేట జిల్లా నాయనా.”

చివరికి కడవెండి దగ్గర తేలాం. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య ప్రాణాలిచ్చిన ఊరు. ఆ రోజు గురించి ఇప్పటి మూడో తరం ఏమని చెప్పుకుంటోంది? అదీ ప్రశ్న.

మానుకోట అమ్మాయి వ్యవసాయం నుంచి మిర్చికి, మిర్చి నుంచి తేజ రకానికి, అక్కడినుంచి మార్కెట్ యార్డులో తాలుకాయకు దిగింది. ‘తాలు అని ఎవరంటారు, ఏం చూసి అంటారు?’ దీనికి వాళ్ల నాయన ఒక్కడే పది పేజీల జవాబు చెప్పాడు, తిట్లు తీసేశాక.

భూపాలపల్లి వాడు 1871లో ఇల్లెందు దగ్గర డాక్టర్ కింగ్ బొగ్గు కనుక్కోవడంతో మొదలుపెట్టాడు. ఆ లెక్కన వాళ్ల ఊరు చేరేసరికి కాగితం అయిపోతుంది. ‘బొగ్గుబాయిలో షిఫ్టు మారితే కాలనీలో వంటవేళ ఎట్లా మారుతుంది?’ అని రాసుకోమన్నాను.

“ఇది కూడా పరిశోధనేనా సార్?”

“నైట్ షిఫ్టు వారం మీ అమ్మనడుగు, చెప్తది.”

కాబట్టి విద్యార్థులారా, టాపిక్కు సరిపోయిందో లేదో తేల్చేది గైడు కాదు. ఇంట్లో చెప్పి చూడండి. “శానా గొప్పగున్నది బిడ్డా” అంటే ఇంకా కోయాలి. “దానికి ఫలానా ఆయన్ను అడుగు” అంటే, ఇక ఖాయం చేసుకోండి.