నా వెల నేనే చెప్పుకొందును

నేనొక డీజిలు పికప్పు బండిని. ఏపీ 12 అని మొదలగు నా నంబరు 2003వ సంవత్సరమున హైదరాబాదు దక్షిణ మండలపు రవాణా కార్యాలయమున వ్రాయబడినది. రాష్ట్రము వేరుపడిన పిమ్మట క్రొత్త బండ్లకు టీఎస్ అనియు, 2024 నుండి టీజీ అనియు అక్షరములు మారినను, నా నుదుటి వ్రాత మాత్రము మారలేదు. చాంద్రాయణగుట్ట త్రోవలో తోటి పాత వాహనముల నడుమ అమ్మకమునకు నిలిచియున్న నన్ను చూడవచ్చిన వారందఱును ఒక్క ప్రశ్ననే వేయుచున్నారు: ఇరువదేండ్లు దాటిన ఇనుమునకు రెండు లక్షల పైచిలుకు ధర యేమి? ఈ ప్రశ్నకు దలాలు చెప్పునది లాభము పలికించు సమాధానము. కొనువాడు తనకు తాను చెప్పుకొనునది అవసరము పలికించు సమాధానము. ఆ యిరువురి నడుమ నోరు లేక నిలిచిన నేను, నా పుట్టుకను, నా పనిని, నా గుణదోషములను విన్నవించి, నా వెలను నేనే నిర్ణయింప బూనుకొనుచున్నాను. ఏలయన ఆ వెల పొరపడినచో నష్టపోవువాడు ధనికుడు గాడు, నా చక్రముల మీద సంసారమును నిలుపుకొనదలచిన పేదవాడు.

నా వంశము మిక్కిలి ప్రాచీనమైనది కాదు. ఒకప్పుడు మన దేశమున దూరపు సరకునకు పెద్ద లారీయు, గల్లీల సరకునకు ఎడ్లబండియు, తోపుడుబండియు నుండగా, ఆ రెంటి నడుమ మాటడోరు వంటి కొలది వాహనములు మాత్రమే తిరుగుచుండెను. 1980 దశకమున జపాను సంస్థల తోడ్పాటుతో డీసీఎం టొయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి, ఆల్విన్ నిస్సాన్ అను నాలుగు తేలికపాటి లారీలు వెలసెను. వానిలో కడపటిది మన గడ్డ బిడ్డయే. బస్సులకును, రిఫ్రిజిరేటర్లకును పేరుగన్న హైదరాబాదు ఆల్విన్ సంస్థ జహీరాబాదున నెలకొల్పిన కర్మాగారమున అది పుట్టినది. ఆ దశకము చివర మహీంద్రా వారి చేతికి వచ్చిన ఆ కర్మాగారము నేటికిని వాహనములను నిర్మించుచునే యున్నది. టాటా వారు 1986లో 407ను, 1988లో టాటామొబైల్ అను పికప్పును లోకమునకు తెచ్చిరి. ఆ రెండవ శాఖకు చెందిన 207 డీఐ అనునది నా జాతినామము; ముందు మనుష్యులకొక గది, వెనుక సరకునకొక తొట్టి, టన్నుకు మించిన బరువును తాళగల కమాను పట్టీలు, ఇదియే నా స్వరూపము.

నా ప్రాణము నాలుగు సిలిండర్ల యంత్రమున నున్నది. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గ్ నగరమున నడిపి చూపిన సూత్రమే దానికి ఆధారము. గాలిని దాని పరిమాణములో పదునేడవ పదునెనిమిదవ వంతునకు కుదించినచో అది చమురును మండించుటకు చాలినంత వేడెక్కును. ఆ క్షణమున నాజిలు గుండా డీజిలును సన్నని తుంపరగా చిమ్మినచో, నిప్పురవ్వతో పనిలేకయే అది భగ్గున నంటుకొని పిస్టనును త్రోయును. ఎంత తుంపర, ఏ క్షణమున అనుదానిని క్రొత్త బండ్లలో కంప్యూటరు నిర్ణయించుచుండగా, నాలో పండ్లచక్రములతో ఇంజనునకు ముడివడిన పంపే నిర్ణయించును. కంటికి కనబడు భాగము కంటికి కనబడు భాగమును త్రిప్పును. కావుననే కన్నులును, చేతులును, ఓర్పును గలవానికి నా రోగము దాగదు.

పాతబస్తీ నన్ను ఏ పనికి వాడుకొన్నదో చెప్పినగాని నా విలువ తేటపడదు. తెల్లవాఱక మున్నే మీరాలం మండీకి కూరగాయలు, ప్రొద్దెక్కిన పిదప కాటేదాను కర్మాగారముల నుండి దుకాణములకు పెట్టెలు, మాపటివేళ ఫంక్షన్ హాళ్ళకు వంట దేగులు, షామియానాలు, కుర్చీలు నా వీపున నెక్కెడివి. వినాయక చవితికి ధూల్‌పేట విగ్రహములను, బక్రీదునకు జియాగూడ పొట్టేళ్ళను, లాల్‌దర్వాజ బోనాలకు మైకులను, దీపతోరణములను అదే తొట్టిలో మోసితిని. ఈ ప్రయాణములలో దూరము స్వల్పము, ఆగుట అధికము. షాలిబండ నుండి పత్తర్‌గట్టికి పోవు కొంచెపు దూరమునకు గంట పట్టిన దినములు కలవు. పెద్ద లారీకి పగటివేళ ప్రవేశము లేని వీథులలో, రెండు ఆటోలు ఎదురుపడిన చాలును మూసికొనిపోవు గల్లీలలో, పికప్పు తప్ప మఱియొకటి ఆ పని చేయజాలదు. 2005లో టాటా ఏస్ వచ్చి ఛోటా హాథీ యను ముద్దుపేరుతో నా పనిలో తేలిక భాగమును పంచుకొన్నది గాని, దాని మోత ముప్పాతిక టన్నే కనుక ఇనుప బీరువాలును, బియ్యపు బస్తాలును నాకే మిగిలెను.

2020వ సంవత్సరము అక్టోబరు మాసమున కురిసిన వర్షము నగరమున ఎవ్వరును మఱవజాలరు. 13వ తేదీన మొదలైన ఆ జలప్రళయమునకు, నాలుగు దినముల పిమ్మట బార్కస్ చెంతనున్న గుఱ్ఱపు చెరువు కట్ట తెగుటయు తోడై, హాఫిజ్ బాబానగరు, అల్ జుబైల్ కాలనీ మొదలగు తావులు నీట మునిగెను. ఆ నీటిలో కార్లు నిలిచిపోయినవి, ఆటోలు కొట్టుకొనిపోయినవి. గాలి పీల్చు గొట్టము నీటికి పైన నున్నంతవఱకు నా వంటి యంత్రము ఆగదు. ఒకసారి కదలిన పిమ్మట దానికి విద్యుత్తుతో పని స్వల్పము. అందుచేత ముదుసలులను, పసిబిడ్డలను మిట్టకు చేర్చుటకును, త్రాగునీటిని, వండిన అన్నమును ఇండ్ల గుమ్మముల వఱకు కొనిపోవుటకును నేను పనికివచ్చితిని. ఆనాడు నన్నెక్కినవారి మతమేమని యెవ్వరును అడుగలేదు, బాడుగ యెంతయని యెవ్వరును అడుగలేదు. నా జీవితమున సార్థకమైన దినములు అవియే యని నా నిశ్చయము.

ఇక ధర యేల పెరిగినదో చెప్పెదను. 2020 ఏప్రిలు 1 నుండి దేశమంతట భారత్ స్టేజ్ 6 అను పొగ నియమములు అమలులోనికి వచ్చినవి. మూడవ దశలో 350 పాళ్ళవఱకు అనుమతించిన డీజిలులోని గంధకము పదిలక్షలకు పది పాళ్ళకు దిగినది. పొగలోని మసిని పట్టియుంచు జల్లెడయు, విషవాయువులను విఱుచు పరికరములును, వానిని కనిపెట్టియుండు సెన్సర్లును క్రొత్త బండ్లకు ఆభరణములైనవి. ఇది లోకహితమైన మార్పే. కాని దానితో బండి వెల పెరిగి పికప్పు తొమ్మిది, పది లక్షల మేరకు చేరినది. 2025 సెప్టెంబరున సరకు వాహనముల జీఎస్టీ నూటికి 28 నుండి 18కి తగ్గినను, గల్లీలో బాడుగ తిప్పువానికి ఆ వెల ఇప్పటికిని భారమే. అంతకంటె ముఖ్యమైన హేతువు మఱియొకటి కలదు. క్రొత్త బండి హెచ్చరిక దీపమును వెలిగించినపుడు దాని భాషను చదువుటకు స్కానరు కావలెను, షోరూము కావలెను, ఆ దినపు బాడుగను వదలుకొనవలెను. నాకైనచో పుత్లీబౌలిలోనో రాణీగంజులోనో విడిభాగము దొరకును, ఈదీబజారు గల్లీలో దానిని బిగించు చేయి దొరకును, మఱునాటి ఉదయమునకు మండీలో నుందును. జనులు నాకిచ్చు అధిక ధర ఇనుమునకు గాదు. తన బండిని తన పేటలో, తన చేతనైన డబ్బుతో, తన కన్నుల యెదుట బాగుచేయించుకొనగల స్వాతంత్ర్యమునకు.

నన్ను పెంచి పోషించిన మెకానిక్కు ఉస్తాదు చెంతకు మొన్న ఛత్రినాక నుండి ఒక యువకుడు నా సంగతి విచారింప వచ్చెను.

“ఉస్తాద్, గీ బండి తీస్కోవచ్చా? కొత్తది కొనేంత తాకత్ నాకు లేదు.”

“ఇంజన్ ఖరాబైతె నేను బాగ జేస్త బేటా. చాసిస్ కుళ్ళితె ఎవ్వడు బాగ జెయ్యలేడు. ముందుగాల కింద పండుకొని చూడు.”

“ఇంజన్ మంచిగనే ఉన్నదన్నడు దలాల్.”

“పొద్దుగాల సల్లటి ఇంజన్ మీద సెల్ఫ్ కొట్టు, ఆయన వేడి జేసి పెట్టినంక గాదు. కాగితాలు గూడ చూడు. బండి రిపేరు నా చేతిల ఉన్నది, కాగితాల రిపేరు నా చేతిల లేదు.”

ఆ రెండు మాటలలో నా పరీక్ష యంతయు నిమిడియున్నది. చల్లని యంత్రము ఒక్క యత్నమున లేవవలెను. నూనె పోయు మూతను తీసినపుడు పొగ ఎగదన్నరాదు. తొట్టి క్రింది దూలములను సుత్తితో తట్టినచో గట్టి ధ్వని రావలెను. నీలి పొగ నూనె మండుచున్నదనియు, నల్లపొగ నాజిళ్ళో పంపో చెడినదనియు చెప్పును. ఆర్సీలోని ఇంజను, చాసిస్ అంకెలు లోహముపై చెక్కిన అంకెలతో సరిపోవలెను. అప్పు తీరినట్లు హైపోథికేషను రద్దు కావలెను. చలానులు, పన్ను బకాయిలు మిగిలియుండరాదు. ఫిట్‌నెస్ పత్రము చెల్లుబాటులో నుండవలెను. పదునైదేండ్లు దాటిన తేలికపాటి రవాణా వాహనమునకు ఆ పత్రపు రుసుము 2022 ఏప్రిలు 1 నుండి 7,500 రూపాయలయ్యెను. పిదప ఇంకను పెరిగినది. దానిని ఏటేట చెల్లింపవలసియున్నది.

నా దోషమును దాచుట అధర్మము. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 2012లో డీజిలు పొగను క్యాన్సరు కారకముల మొదటి వర్గమున చేర్చినది. నేను విడుచు పొగ గాలిలో కలిసిపోవునని మెయిను రోడ్డుపై సమాధానపడవచ్చునేమో గాని, ఇరుప్రక్కల గోడలు కలిగిన గల్లీలో అది గుమ్మములలోనికి ప్రవేశించును. బడికి పోవు బిడ్డ ముక్కున, దినమంతయు గద్దెపై కూర్చున్న గాజుల వ్యాపారి ఊపిరితిత్తులలో చేరును. ఆ మూల్యమును నా యజమాని చెల్లింపడు, దలాలు చెల్లింపడు, గల్లీవారు చెల్లించుచున్నారు. నాజిళ్ళను సకాలమున సరిచేయించుట, నిలిచినపుడు ఇంజనును ఆపుట, మోయగలిగినంతయే మోయించుట అను మూడు ధర్మములను పాటింపని యజమానికి నన్ను కొను అర్హత లేదు.

లెక్కకు వత్తము. తొమ్మిది లక్షల అప్పును సాలునకు నూటికి 11 వంతు వడ్డీతో అయిదేండ్లలో తీర్చుటకు నెలకు రమారమి 19,500 రూపాయల కంతు పడును. నేను లీటరునకు పది కిలోమీటర్లును, క్రొత్త బండి పదునాలుగును నడచుననియు, డీజిలు వెల 95 రూపాయలనియు, నెలకు ఇరువదియాఱు పనిదినములనియు అనుకొందము. దినమునకు 40 కిలోమీటర్లు తిరుగువానికి నా వలన నెలకు 2,800 రూపాయల డీజిలు అధికముగ ఖర్చగును. మరమ్మతులకు, ఫిట్‌నెస్‌కు అయిదువేలు తీసిపెట్టినను, కంతుతో పోల్చగా నెలకు 11,700 మిగులును. నా వయసు బండిపై రెండేండ్లకు మించి ఆశ పెట్టుకొనరాదు కనుక ఆ మిగులు మొత్తము రెండు లక్షల ఎనుబది వేలు. అయితే కంతులు తీరిన పిదప క్రొత్త బండి సొత్తుగా మిగులును, నేను తుక్కుగా మిగులుదును. ఆ భేదమునకును, అనుకోని పెద్ద మరమ్మతునకును సగము విడిచినచో నా న్యాయమైన వెల, కొన్న వెంటనే చేయింపవలసిన పనితో సహా, లక్షా నలుబది వేలు. దలాలు చెప్పు రెండు లక్షల పైచిలుకులో మూడవవంతు కొనువాని గత్యంతరము లేనితనమునకు కట్టిన ధరయే గాని నా విలువ గాదు. దినమునకు 160 కిలోమీటర్లు తిరుగువానికైనచో డీజిలు భేదమే నెలకు పదునొకండు వేలు దాటును. మరమ్మతులు తొమ్మిది వేలకు తగ్గవు. రెండును కలిసి క్రొత్త బండి కంతునే మించిపోవును. శంషాబాదు దాటి దినదినము దూరప్రయాణము చేయువానికి నన్ను ఉచితముగా నిచ్చినను ప్రియమే.

కావున నా తీర్పు ఇది. గల్లీలలో కొలది దూరము తిరుగువానికి, నమ్మిన ఉస్తాదు చేరువ నున్నవానికి, పత్రములును దూలములును సరిగా నున్న పాత డీజిలు బండి తగిన వెలకు తగినదే. అంతకు మించి ఇచ్చినచో అది వానికి కూడు పెట్టదు, వాని కూడును తినును. కాని ఈ గల్లీలు కలకాలము నా పొగను భరింపవలెనని నేను కోరను. పొగ తక్కువగల క్రొత్త బండిని విప్పి చదువు విద్య షోరూముల గోడలు దాటి ఈదీబజారు ఉస్తాదులకును, వారి చేతి క్రింది పిల్లలకును అందవలెను. స్కానరును, సెన్సరును స్పానరు వలె వారి చేతికి అలవడవలెను. విడిభాగములు పుత్లీబౌలి దుకాణములలో సరసమైన వెలకు దొరకవలెను. ఐటీఐలును, బండ్లు చేయు సంస్థలును, ప్రభుత్వమును పూనుకొన్న యెడల ఇది అసాధ్యము గాదు. ఆ విద్య గల్లీకి చేరిన దినమున పేదవాడు బాగుచేయించుకొను స్వాతంత్ర్యము కొఱకు నా పొగను కూడ కొనవలసిన అవసరముండదు, నా వంటి బండ్ల వెల దానంతటదే దిగును. నా వెల ఆ విధముగా పడిపోవుటను నేను మనఃపూర్వకముగా కోరుచున్నాను.