పల్లె సంఘపు పేర్ల పుస్తకం

నేను పేర్ల పుస్తకాన్ని. ఒంగోలు ప్రాంతంలో, గుండ్లకమ్మ నదికి కూతవేటు దూరాన ఉన్న ఒక పల్లె బాప్తిస్టు మందిరంలో, రేకు పెట్టెలో ఉంటాను. మద్రాసు నుంచి వచ్చిన గీతల కాగితం, గుడ్డ వీపు, గట్టి అట్ట. నా పుట్టుక గురించి చెప్పుకోదగ్గది ఇంతే. అట్ట మూలలకున్న తోలు మాత్రం మావాళ్ళు పదును చేసిందే. మొదటిసారి నా వీపు ఊడినప్పుడు, మా పల్లె పెద్ద ఒకాయన చెప్పులు కుట్టే ఆరెతోనే నన్ను మళ్ళీ కుట్టాడు. ఆ కుట్టు ఈ రోజుకీ వదల్లేదు.

నాలో కథలు లేవు, గడులున్నాయి. వరుస సంఖ్య, పేరు, తండ్రి లేక భర్త పేరు, బాప్తిస్మం తేదీ, ఇచ్చిన బోధకుని పేరు, చివర 'సంగతులు' అని ఒక సన్నటి గడి. సంఘాల చరిత్ర రాసేవాళ్ళు ఎప్పుడైనా వస్తే మొదటి అయిదు గడులూ లెక్కపెట్టుకుని వెళ్ళిపోతారు. నా ప్రాణమంతా ఆ ఆరో గడిలో ఉంది.

నా మొదటి పేజీ కంటే ముందు జరిగింది నేను చూడలేదు. బోధకులు వేదిక మీద చెప్పగా విన్నాను. అమెరికన్ బాప్తిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో తెలుగుదేశం చేరి, 1840లో నెల్లూరులో నిలదొక్కుకున్నాడు. ఏళ్ళు గడిచినా చేరినవాళ్ళు చాలా కొద్దిమంది. ఈ మిషనును మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. 1853లో అలాంటి చర్చలోనే, పటం మీద విడిగా కనిపించే నెల్లూరును ఎవరో ఒంటి నక్షత్రమన్నారు. బాప్తిస్టు పాస్టరు శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఆ మాట మీద పద్యం రాశాడు, మూసివేత తప్పింది. మరుసటి ఏడు జనవరి 1న తెల్లవారుజామున మిషనరీ లైమన్ జ్యూయెట్ దొర, దొరసాని, నెల్లూరు సంఘపు తెలుగువాళ్ళు మరికొందరు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. ఆ కొండ ఇప్పటికీ ప్రార్థన కొండే. జ్యూయెట్ పేరు మా సండే స్కూలు పిల్లలు కూడా చెబుతారు. ఆయనతో చీకట్లో కొండెక్కిన తెలుగువాళ్ళ పేర్లు అడిగితే మందిరమంతా మౌనంగా ఉంటుంది. నా బాధ అక్కడి నుంచే మొదలు.

అలాగని దొరలు చేసింది తక్కువ అనను. జాన్ క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చాడు. 1867 జనవరి 1న అక్కడ సంఘం కట్టుకున్నప్పుడు సభ్యులు ఎనిమిది మంది. కానీ ఆయన వచ్చేటప్పటికే దారి వేసి ఉంచినవాడు ఒకడున్నాడు. ఆయనే తాళ్ళకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య. మాదిగ. తోళ్ళ బేరం మీద ఉత్తరంగా ఉన్న ఊళ్ళకు వెళ్ళి, అక్కడ సువార్త విని, ఇంటికొచ్చి తనవాళ్ళకు చెప్పాడు. అంతకుముందే గురువుల దగ్గర కూర్చుని యోగం తెలుసుకున్నవాడు, పదిమందీ కూర్చుని వినేంత మాట ఉన్నవాడు. 1866లో బాప్తిస్మం పొందాడు. దొర తాళ్ళకొండపాడు వెళ్ళేసరికి జనం చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి చెట్ల కింద ఎదురుచూస్తున్నారు. వాళ్ళను పోగుచేసింది దొర కాదు, తోళ్ళ మూటలు మోస్తూ ఊరూరా తిరిగిన పేరయ్య.

ఒంగోలులో అప్పటికి పెద్దకులాల వాళ్ళు మిషను బడికి పిల్లల్ని పంపుతున్నారు. మాదిగలు సంఘంలో చేరుతున్నారని తెలియగానే, వాళ్ళను ఆపితే మేము వస్తామన్నారు. ఆ రాత్రి క్లౌ దొర ఒక గదిలో, దొరసాని ఒక గదిలో, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమే కనిపించిందని చెబుతారు. దేవుడు ఎవరిని ఏర్పరచుకున్నాడో చెప్పే వచనాలవి. తలుపు మూయలేదు. బడి ఖాళీ అయింది, పల్లెలు నిండాయి.

చేరేవాళ్ళకు పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పనిచేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చదివేవాళ్ళకు ఇవి మతం మాటల్లాగే కనిపిస్తాయి. మా పల్లెలో అవి కూలి మాటలు. కోతలప్పుడు ఆదివారం రానన్న మాదిగను ఏ కాపు ఊరుకుంటాడు? జాతరలో డప్పు కొట్టనంటే ఊరు ఎలా ఒప్పుకుంటుంది? బావి దారి మూశారు, పని ఆపారు, కొట్టారు. నా ఆరో గడిలో తొలి ఏళ్ళలో ఎక్కువగా కనిపించేవి ఇవే: 'పని పోయెను', 'ఊరు విడిచెను', 'శ్రమపడెను'. 'శ్రమపడెను' అన్నచోట సిరా కొంచెం ముద్దగా ఉంటుంది. రాసిన బోధకుడు కూడా అదే పల్లెవాడు.

1876 నుంచి 78 దాకా కరువు. ఆ మూడేళ్ళ గురించి మా వాళ్ళను ఇప్పటికీ కొందరు ఒక మాటతో కొడతారు, బియ్యం కోసం చేరినవాళ్ళని. అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

క్లౌ మిషనుకు రాకముందు సర్వే పని నేర్చినవాడు. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే, మూడున్నర మైళ్ళ ముక్క కాంట్రాక్టు తీసుకున్నాడు. మగవాళ్ళు తవ్వారు, ఆడవాళ్ళు మట్టి గంపలు మోశారు. మేస్త్రీలుగా నిలబడింది పల్లె బోధకులే. వాళ్ళు కూలి లెక్క కట్టారు, కలరా వచ్చినవాళ్ళను చూసుకున్నారు, పొద్దు వాలాక పక్కన కూర్చుని మాట్లాడారు. కూలి ఎవరికైనా ఒకటే, చేరినవాడికి ఎక్కువ లేదు. ఆ కరువు నెలల్లో, పదిహేను నెలల పాటు, దొర ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవాళ్ళను ఆగమన్నాడు. బియ్యం కోసమైతే పంచేటప్పుడే చేరాలి కదా. పంచడం అయిపోయి, ఇక ఇచ్చేందుకు ఏమీ లేదని చెప్పి పంపాక కూడా వాళ్ళు తిరిగి వచ్చారు.

1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ రోజు నేను ఒడ్డున లేను. ఆ జాబితాలలోంచి మా పల్లె పేర్లను తర్వాత నాలోకి ఎత్తి రాశారు. నా పుట్టుకకు కారణం ఆ రోజే. ఎక్కడ విన్నా 'క్లౌ దొర ఒక్కరోజులో రెండు వేల మందికి బాప్తిస్మం ఇచ్చాడు' అంటారు. దొర ఆ రోజు నీళ్ళలోకి దిగలేదు. దిగింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా, వంతులు మార్చుకుంటూ. నా అయిదో గడిలో ఉన్నవి వాళ్ళ పేర్లు. ఆ ఏడాది చివరికి చేరినవాళ్ళు 9,606 మంది. దేశదేశాల పత్రికలు ఆ అంకెను అచ్చువేశాయి, అయిదో గడిని అచ్చువేయలేదు.

బియ్యం మాటకు నా దగ్గర ఇంకో జవాబుంది. నా వెనక భాగంలో కానుకల లెక్కలున్నాయి. 1878లో చేరిన ఇళ్ళలో ఆడవాళ్ళు పూటపూటకూ వండే బియ్యంలోంచి గుప్పెడు తీసి ముంతలో వేసేవాళ్ళు. ఆదివారం ఆ ముంతలు మందిరానికి వచ్చేవి. బోధకుడి ఇల్లు గడిచింది, మందిరానికి తాటాకు కప్పు పడింది ఆ గుప్పెళ్ళతోనే. ముప్పై ఏళ్ళ తర్వాతి పేజీల్లో కూడా అవే ఇళ్ళు, అవే మానికలు. బియ్యం కోసం వచ్చినవాళ్ళు ముప్పై ఏళ్ళు బియ్యం ఇవ్వరు.

ఆరో గడిలో నాకు గర్వమిచ్చే మాటలు కొన్ని ఉన్నాయి. 'రామాయపట్నం సెమినరీకి పోయెను.' 'బైబిలు స్త్రీగా నియమింపబడెను.' ఆ బైబిలు స్త్రీలు చదువు రాని ఇళ్ళలో కూర్చుని అక్షరాలు దిద్దించారు, పురుడు పోశారు, మగ బోధకుడు అడుగుపెట్టలేని లోగిళ్ళలోకి వెళ్ళారు. కొన్నిచోట్ల 'నాటాలు పోయెను' అని ఉంది. చెరకు తోటల్లో, తేయాకు తోటల్లో పనికి ఒప్పందం మీద దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు ఓడెక్కినవాళ్ళు వాళ్ళు. అక్కడి తెలుగువాళ్ళ కోసం ఇక్కడి తెలుగు బాప్తిస్టులే తమ డబ్బుతో 1903లో జాన్ రంగయ్యను మిషనరీగా పంపారు. ఆ ఏడు డిసెంబరులోనే నాటాల్‌లోని కియర్స్‌నీలో తెలుగు సంఘం మొదలైంది. మిషనరీ అంటే తెల్లదొరే అనుకునేవాళ్ళు ఈ సంగతి ఒక్కసారైనా వినాలి.

నా మీద నాకే బాధ కలిగించే గీతలూ ఉన్నాయి. ఆడవాళ్ళ వరుసలు చూడండి. 'ఫలానావాని భార్య', 'ఫలానావాని తల్లి'. పేరు రాయడానికే పుట్టిన పుస్తకంలో వాళ్ళకు పేరు లేకుండా రాశారు. ఇంకొకటి, మాలపల్లె, మాదిగపల్లె. ఒకే బైబిలు చదివి, ఒకే పాట పాడి, మందిరాలు మాత్రం వేరు కట్టుకున్నారు, పిల్లనిచ్చుకోలేదు. పెద్దకులాల వాళ్ళు దారి మూయడం తప్పన్నవాళ్ళు, తమ మధ్య ఉన్న దారిని తెరవలేదు. ఆ గీత నా పేజీల్లో చెరగలేదు.

1950 తర్వాత నా బతుకు మారిపోయింది. షెడ్యూల్డు కులాల హోదా హిందువులకు మాత్రమేనని ఆ ఏడు రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు వర్తించలేదు. ఈ రాష్ట్రంలో ఆ కులాల నుంచి వచ్చిన క్రైస్తవులు బీసీ-సి. ఊరు మాత్రం వాళ్ళను పాత పేరుతోనే పిలిచింది, పాత చోటే కూర్చోబెట్టింది. నాలో పేరు ఎక్కడానికి నదిలో వరుస కట్టిన వాళ్ళ మనవలకు, నాలో పేరు ఉందంటే భయం పట్టుకుంది. పిల్లాడి సీటు, ఉద్యోగం, ఇంటి స్థలం అన్నీ ఆ ఒక్క వరుస మీద ఆధారపడ్డాయి. బాప్తిస్మాలు ఆగలేదు, రాయడం ఆగింది. తల్లులు వచ్చి 'అయ్యగారూ, మా వాడి పేరు రాయకండి' అని వేడుకున్నారు. వాళ్ళను నేను తప్పుపట్టను. ఒక మనిషి తన నమ్మకాన్ని దాచుకుంటేనే తన హక్కు దక్కుతుందన్న స్థితి న్యాయం కాదు.

ఆ భయంతో రాత్రివేళ ఎవరో నా పేజీలు కొన్ని చించారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. కోపమల్లా పట్టించుకోనివాళ్ళ మీద. పాత మందిరం పడగొట్టి స్లాబు మందిరం కట్టేటప్పుడు నన్ను ఇసుక కుప్ప పక్కన వానలో వదిలేశారు. తర్వాత మైకు మిషను కింద ఎత్తు కోసం పెట్టారు. నా ఖాళీ పేజీల్లో షామియానా అద్దె లెక్కలు రాసుకున్నారు. పింఛను కోసం వయసు చూడమని వచ్చినవాళ్ళు, మా సంఘంలో పసిపిల్లలకు బాప్తిస్మం ఉండదు, ఇందులో పుట్టిన తేదీ దొరకదని చెబితే, విసుక్కుని నన్ను నేల మీద పడేసి వెళ్ళారు. చెదలు రెండు వేసవులు నా అడుగు అంచు తిన్నాయి. కొత్త మందిరం గోడకు నల్లరాయి పలక పెట్టి చందా ఇచ్చినవాళ్ళ పేర్లు బంగారు రంగుతో చెక్కించారు. ఆ స్థలాన్ని గుప్పెడు గుప్పెడు బియ్యంతో కొన్న ఆడవాళ్ళ లెక్క, ఆ పలక కింద రేకు పెట్టెలో చెమ్మగిల్లుతోంది.

ఈ మధ్య డర్బన్ నుంచి ఒక కుటుంబం వచ్చింది. చేతిలో ఓడ జాబితా నకలు, దాని మీద తాత తండ్రి పేరు, ఊరు, కులం, వయసు. తెలుగు రాదు. మా కుర్ర పాస్టరుగారు నన్ను తెరిచి గంటసేపు వెతికారు. ఆయన వరుస ఉండాల్సిన పేజీ చినిగిన పేజీల్లో పోయింది. పాస్టరుగారు వదలకుండా వెనక కానుకల లెక్కల్లోకి వెళ్ళారు. అక్కడ వేలు ఆగింది. 'నాటాలు పోయినవాని తల్లి, బియ్యము రెండు మానికలు.' ఏడాది తర్వాత ఏడాది, తొమ్మిది పేజీల్లో అదే వరుస, ఇంటిపేరుతో సహా. వచ్చినావిడ ఆ అక్షరాలు చదవలేక, వేలితో వాటి కింద గీత గీస్తున్నట్టు నడిపి, ఆమె పేరు ఏమిటని అడిగింది. పాస్టరుగారు నన్ను చూశారు. చెప్పడానికి నా దగ్గర లేదు.

ఆ వారం నుంచి ఆయన ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చి నన్ను ఎత్తి రాస్తున్నారు. 'ఫలానావాని భార్య' అని ఉన్నచోట ఆగి, పల్లెలో ముసలివాళ్ళ దగ్గరికి వెళ్ళి అడుగుతున్నారు. నాలుగు పేర్లు దొరికాయి. పేజీలను ఫోనుతో ఫొటోలు తీస్తున్నారు. నాకు ఒక ఇనుప బీరువా, చెదల మందు కావాలని సంఘ కమిటీలో అడిగితే, ఈ ఏడు సౌండ్ బాక్సుల బాకీ ఉందని వాయిదా వేశారు. పంట కానుకల పండుగ కూడికలో అందరి ముందూ మళ్ళీ అడుగుతానన్నారు. ఆ రోజు నన్ను వేదిక మీదికి తీసుకెళ్ళి, కానుకల పేజీలు పైకి చదివి వినిపిస్తారట.